వేరే లోకంలో జీవం దొరికితే మన స్వామి ఎవరికి స్వామి?

ప్రశ్న: మేము తిరుపతిలో కొర్లగుంట వైపు ఉంటాం. మా వారిది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. ఏటా పెరటాసి నెల శనివారాల్లో ఇంటిల్లిపాదీ అలిపిరి మెట్లెక్కి కొండకు పోవడం మాకు అలవాటు. మా అబ్బాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఏదో గ్రహం మీద జీవం ఉన్న గుర్తులు దొరికాయని ఫోన్లో చూశాడట. రాత్రి అన్నం తింటూ వాళ్ళ నాన్నతో, "అక్కడా ప్రాణులుంటే వాళ్ళ కోసం ఏ స్వామి దిగొచ్చాడు? వైకుంఠం వదిలి ఈ ఏడు కొండల మీదికే ఎందుకొచ్చాడు నాన్నా? ఇదంతా మనుషులు తమ కోసం అల్లుకున్న కథ" అన్నాడు. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఈసారి వాడు కొండకు రానన్నాడు. కాలేజీ సీటొస్తే వాడి తలనీలాలు ఇప్పిస్తానని నేను మొక్కుకున్నాను, అదీ అలాగే ఉండిపోయింది. మొన్న నేనొక్కదాన్నే దర్శనానికి పోతే బంగారు వాకిలి దగ్గర కూడా వాడన్న మాటే మనసులో తిరిగింది. స్వామిని చూస్తూ అలా ఆలోచించడం పాపమా? రేపు నిజంగానే ఎక్కడో జీవం ఉందని తేలితే మన నమ్మకం ఏమవుతుంది? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి, తిరుపతి

జవాబు:

అమ్మా, పాపం కాదు. స్వామి ఎదుట నిలబడే ఆ కొన్ని క్షణాల్లో మనసు ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఒకరికి తీర్చాల్సిన అప్పు గుర్తొస్తుంది, ఒకరికి పోయిన మనిషి గుర్తొస్తాడు. మీకు మీ అబ్బాయి అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. అది స్వామి గురించిన ప్రశ్నే. ఆయన ముందు నిలబడి ఆయన గురించే ఆలోచించారు, ఇందులో దోషం వెతుక్కోకండి. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. దేవుడంటే అస్సలు పట్టనివాడు 'ఆయన ఎవరి కోసం వచ్చాడు' అని అడగడు. మీ అబ్బాయికి ఇంకా పట్టింపు ఉంది కాబట్టే ఆ మాట అంత గట్టిగా వచ్చింది.

ముందు వాడు చూసిన వార్త సంగతి చూద్దాం. చాలామందికి సగమే చేరింది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

బహుశా అది కే2-18బి అనే గ్రహం గురించి అయుంటుంది. సింహరాశి వైపు, మనకు 124 కాంతి సంవత్సరాల దూరంలో (వెలుగుకే 124 ఏళ్ళు పట్టే దూరం) ఒక చిన్న ఎర్రటి నక్షత్రం చుట్టూ తిరుగుతోంది. మన భూమికి ఎనిమిదిన్నర రెట్లకు పైగా బరువు. దానికి ఏడాది అంటే మన 33 రోజులు. కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న, మన దేశంలో పుట్టిన శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్, ఆయన బృందం అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో ఆ గ్రహం గాలిని పరిశీలించారు. 2023లో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయని చెప్పారు. 2025 ఏప్రిల్‌లో డైమిథైల్ సల్ఫైడ్ జాడ కూడా ఉన్నట్టుందని ప్రకటించారు. మన భూమ్మీద ఆ వాయువు ముఖ్యంగా సముద్రంలోని సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. వార్త పుట్టింది అక్కడే.

వీధిలో నడిచిపోతూ, తలుపేసి ఉన్న ఇంట్లోంచి వచ్చే పోపు వాసన పట్టి లోపల ఏం వండుతున్నారో చెప్పడం లాంటిది ఈ పని. ఎవరూ లోపలికి తొంగి చూడలేదు. ఆ గ్రహం తన నక్షత్రం ముందు నుంచి పోతున్నప్పుడు, గ్రహం అంచున ఉన్న గాలిలోంచి దూసుకొచ్చిన వెలుగులో ఏ రంగులు తగ్గాయో చూసి, అక్కడ ఏ వాయువులున్నాయో అంచనా వేశారు. ఆ జాడ ఉత్త కాకతాళీయంగా కనిపించి ఉండే అవకాశం వెయ్యిలో మూడు వంతులని ఆ బృందమే రాసింది. మనకది చాలా తక్కువగా అనిపిస్తుంది, కానీ శాస్త్రంలో 'కనుక్కున్నాం' అనాలంటే అంతకంటే ఎన్నో రెట్లు ఖాయంగా ఉండాలి. అదే సమాచారాన్ని వేరే బృందాలు తిరిగి లెక్క కట్టి, అంత స్పష్టంగా ఏమీ కనిపించడం లేదన్నాయి. పైగా ఈ వాయువు 67పి అనే తోకచుక్క మీద కూడా దొరికింది. తోకచుక్క మీద జీవం లేదు కదా, అంటే ప్రాణి లేకుండానే అది తయారవగలదు.

2025 సెప్టెంబరులో ఇంకో వార్త వచ్చింది. అంగారకుడి మీద జెజెరో అనే బిలంలో, ఎప్పుడో నీళ్ళు పారి ఎండిపోయిన దారిలో, నాసా పంపిన పర్సెవరెన్స్ అనే బండికి (రోవర్) చిరుతపులి మచ్చల్లాంటి మచ్చలున్న రాయి కనిపించింది. ఆ మచ్చల్లో ఉన్నలాంటి ఖనిజాలు భూమ్మీద తరచుగా సూక్ష్మజీవుల చర్య వల్ల ఏర్పడతాయి. నాసా దాన్ని 'జీవం తాలూకు జాడ అయ్యుండవచ్చు' అని మాత్రమే అంది. ఆ ముక్క భూమికి వచ్చి ప్రయోగశాలలో తేలాలి.

కాబట్టి ఈ రోజు వరకు భూమి బయట జీవం దొరకలేదు. దొరకదని నేను అనడం లేదు. 1995లో మేయర్, క్వెలోజ్ అనే ఇద్దరు స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు మన సూర్యుడిలాంటి ఒక నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారి పట్టుకున్నారు. 2025 నాటికి మన సూర్యుడికి కాక వేరే నక్షత్రాలకు ఉన్న గ్రహాల లెక్క ఆరు వేలు దాటింది. బెన్ను అనే గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన మట్టిలో, మన ఒంట్లోని ప్రొటీన్లకు కావాల్సిన ఇరవై అమైనో ఆమ్లాల్లో పద్నాలుగు దొరికాయి. జీవానికి కావాల్సిన సరుకు అంతరిక్షంలో పలుచోట్ల చెదిరి ఉందన్నమాట. ఎక్కడో ఒకచోట అది ప్రాణం పోసుకుని ఉంటుందని ఆశించడంలో తప్పు లేదు, నేనూ ఆశిస్తున్నాను.

ఈ వెతుకులాట ఎక్కడో దూరంగా పరాయివాళ్ళు చేస్తున్నదని కూడా అనుకోకండి. 2013 నవంబరు 5న మంగళయాన్ ఎగిరింది శ్రీహరికోట నుంచి, అదిప్పుడు మీ జిల్లాలోనే ఉంది. అందులో పెట్టి పంపిన పరికరాల్లో ఒకటి అంగారకుడి గాలిలో మీథేన్ కోసం వెతికేది. 2001లో, 2005లో హైదరాబాదు నుంచి పెద్ద బెలూన్లు ఎగరేసి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టి తెచ్చారు. 2005లో తెచ్చిన గాలిలో అంతకు ముందు ఎవరికీ తెలియని మూడు రకాల బాక్టీరియా దొరికాయి. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు పెట్టారు. అవి పై లోకాల నుంచి వచ్చాయనడానికి రుజువు లేదని ఆ శాస్త్రవేత్తలే చెప్పారు. అదే ఇస్రో పెద్దలు ప్రయోగానికి ముందు రాకెట్ నమూనా పట్టుకుని కొండకు వచ్చి స్వామి పాదాల దగ్గర పెట్టడం మీరు వార్తల్లో వినే ఉంటారు. అది తప్పని వాదించేవాళ్ళున్నారు. నాకు మాత్రం అందులో మోసమేమీ కనిపించదు. లెక్కలన్నీ తాము చేసి, తమ చేతిలో లేని దాని కోసం దణ్ణం పెట్టుకుంటున్నారు.

'రేపు తేలితే' అని మీరు భయపడుతున్నారు. అలా ఒక్క తెల్లవారుజామున అంతా తేలిపోయే రోజు బహుశా రాదమ్మా. 1996 ఆగస్టులో, అంటార్కిటికాలో దొరికిన అంగారకుడి ఉల్కలో సూక్ష్మజీవుల శిలాజాల్లాంటివి కనిపించాయని ప్రకటించారు. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా దాని మీద మాట్లాడారు. గుళ్ళు ఖాళీ కాలేదు, చర్చిలు మూతపడలేదు. తర్వాత ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఆ వాదన నిలబడదన్నారు. రాబోయేది కూడా ఇలాగే ఉంటుంది. ముందు ఒక అనుమానం, దాని మీద ఏళ్ళ తరబడి వాదులాట, మెల్లమెల్లగా అవుననో కాదనో ఒక నిర్ణయం. అదీ చాలావరకు బురదలోని సూక్ష్మజీవి గురించే అయ్యుంటుంది. మనలాగే ఆలోచించేవాళ్ళు కే2-18బి దగ్గర ఉన్నా, 'బాగున్నారా' అని మనం పంపిన మాట చేరి వాళ్ళ జవాబు రావడానికి 248 ఏళ్ళు పడుతుంది. నమ్మకాలకు సర్దుకునే సమయం చాలా ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ అబ్బాయి మాట విని చుట్టాల్లో ఎవరో ఒకరు, 'ఇవన్నీ మన వాళ్ళు ఎప్పుడో చెప్పేశారు, అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకుడు అని ఊరికే అన్నారా' అంటారు. ఆ మాటతో వాడి నోరు మూయించవద్దని నా మనవి. అందులో కొంత నిజముంది, కొంత లేదు. మన పురాణాలు రాసినవాళ్ళు సృష్టి చాలా పెద్దదని, మనం చూసేదే అంతా కాదని గట్టిగా నమ్మారు. ఆ ఊహ ఎంతో గొప్పది. కానీ పద్నాలుగు లోకాలు అంటే పద్నాలుగు గ్రహాలు కావు. జంబూద్వీపం మధ్యలో మేరువు ఉన్న పటం, ఉపగ్రహం తీసిన భూమి ఫోటో ఒకటి కావు. బ్రహ్మ పగలు 432 కోట్ల ఏళ్ళని, భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళని పక్కపక్కన పెట్టి 'చూశారా' అనేవాళ్ళుంటారు. రెండంకెలు దగ్గరగా పడితే రుజువైపోదు. ఫిజిక్స్ చదివే పిల్లవాడికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. తెలిసి కూడా పెద్దవాళ్ళు అదే పట్టుపడితే, వాళ్ళు చెప్పే మంచి మాటలు కూడా వినడం మానేస్తాడు.

మరి మన దగ్గర ఏముంది? వాడు అడిగింది 'ఇక్కడికే ఎందుకొచ్చాడు' అని. 'ఇక్కడికే' అని మనవాళ్ళు ఎప్పుడు అన్నారమ్మా? వైష్ణవులు లెక్కపెట్టే దివ్యదేశాలు 108. అందులో మన తిరుమల ఒకటి. ఆ నూటెనిమిదిలో భూమ్మీద ఉన్నవి 106 మాత్రమే. పాలకడలి, పరమపదం అనే మిగతా రెండూ బతికుండగా ఎవరూ వెళ్ళలేని చోట్లు. అంటే పుణ్యక్షేత్రాల పట్టిక రాసిన ఆళ్వార్ల సంప్రదాయమే, స్వామి ఉండే చోట్లన్నీ ఈ భూమి మీదే లేవని ఒప్పుకుని మొదలుపెట్టింది. ఇక్కడ నిలబడిన భక్తుడు 'నాకు ఇక్కడ దొరికావు' అంటున్నాడు. 'ఇంకెక్కడా లేవు' అనడం లేదు.

ఇంట్లో వ్రతం చేసుకున్నప్పుడు పురోహితుడు చెప్పించే సంకల్పం గుర్తు చేసుకోండి. బ్రహ్మ ఆయుష్షులో రెండో సగం, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం మొదటి పాదం, జంబూద్వీపం, భరతవర్షం... అలా దిగుతూ దిగుతూ ఈ ఏడాది, ఈ నెల, ఈ తిథి, ఈ వారం, చివరికి గోత్రం, మీ వారి పేరు, మీ పేరు. పూజ మొదలుపెట్టే ముందు మనిషి తానెక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో చెప్పుకుంటున్నాడు. ఎన్నో కల్పాల్లో ఇదొకటి, ఎన్నో మన్వంతరాల్లో ఇదొకటి, అందులో ఈ మూల ఈ ఇంట్లో నేను. తానే సృష్టికి మధ్యలో ఉన్నాననుకునేవాడు ఇంత పొడుగు చిరునామా చెప్పుకోడు. దీనికీ టెలిస్కోపుకూ సంబంధం లేదు, ఉందని నేను అనను. కానీ ఇలా మొదలయ్యే పూజకు ఇంకో లోకంలో ఇంకెవరో ఉన్నారన్న వార్త వల్ల వచ్చే నష్టం నాకు కనపడదు.

నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది మీ అత్తగారి ఊరి పక్కనే ఉంది. శ్రీకాళహస్తి. ఆ ఊరి పేరులో ఉన్నవాళ్ళలో ఒక్కరూ మనిషి కాదు. సాలెపురుగు, పాము, ఏనుగు. పిల్లలకు కథగా చెప్పి వదిలేస్తాం గానీ ఆ కథను ఒకసారి మీ అబ్బాయి ప్రశ్నతో కలిపి చూడండి. సాలెపురుగు తన ఒంట్లోంచి తీసిన దారంతో లింగం చుట్టూ గూడు కట్టింది. దానికి తెలిసిన పూజ అదే. దీపం సెగకు ఆ గూడు కాలిపోతుంటే తట్టుకోలేక మంటనే మింగబోయింది. పాము రోజూ మణులు తెచ్చి లింగం మీద పెట్టేది. ఏనుగు స్వర్ణముఖిలో మునిగి, తొండంతో నీళ్ళు, పూలు, మారేడాకులు తెచ్చేది. ఏనుగు కంటికి ఆ మణులు ఎవరో వేసిపోయిన రాళ్ళు, తోసేసి నీళ్ళు పోసేది. పాము కంటికి ఆ ఆకులు చెత్త. తన పూజను ఎవరో పాడు చేస్తున్నారని రెండూ రగిలిపోయాయి. చివరికి పాము తొండంలో దూరింది, ఏనుగు ఆ బాధకు తలను రాతికేసి కొట్టుకుంది, రెండూ చచ్చిపోయాయి. శివుడు ఎవరి పక్షం తీర్పు చెప్పాడు? ఏ పక్షమూ కాదు. పాముకూ మోక్షం ఇచ్చాడు, ఏనుగుకూ ఇచ్చాడు, సాలెపురుగుకూ ఇచ్చాడు. అదే ఊళ్ళో తిన్నడు మాంసం పెట్టాడు, కన్ను పెట్టాడు, ఆయన్నీ కన్నప్పను చేసి దగ్గరికి తీసుకున్నాడు.

నేను భక్తుణ్ణే, ఈ కథను నమ్మి చదువుతాను. నమ్మనివాళ్ళు దీన్ని కవుల ఊహ అనుకున్నా నా మాటకు అడ్డమేమీ లేదు. ఈ నేల మీద దేవుణ్ణి ఊహించుకున్నవాళ్ళు, మనిషి ఆకారం, మనిషి భాష, మనిషి మంత్రం ఆయనకు తప్పనిసరి అనుకోలేదు. ఎనిమిది కాళ్ళ జీవి చేసిన పూజ ఆయనకు అందింది. ఒకరి పూజ ఒకరికి అపచారంగా కనిపించవచ్చని, అయినా రెండూ చేరవచ్చని వాళ్ళకు తెలుసు. సాలెపురుగు పూజను అందుకున్నవాడు, ఎక్కడో నీటి గ్రహంలో మనకు పేరు కూడా తెలియని ప్రాణి మనకు అర్థం కాని పద్ధతిలో తలచుకుంటే అందుకోడా? మీ అబ్బాయి 'వాళ్ళకోసం ఏ స్వామి వచ్చాడు' అని అడిగితే, నేనైతే 'ఏనుగు కోసం వచ్చినవాడే' అంటాను.

ఇక్కడితో అన్నీ సర్దుకున్నాయని చెబితే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. కొన్ని చిక్కులు నిజంగానే ఉన్నాయి. దశావతారాల కథలన్నీ ఈ భూమి చుట్టూ తిరిగేవే. అక్కడా ధర్మం తప్పితే అక్కడా అవతరిస్తాడా? పునర్జన్మ నమ్మేవాళ్ళకు, ఇక్కడ పోయిన జీవుడు అక్కడ పుట్టవచ్చా? ఎనభై నాలుగు లక్షల యోనుల్లో అవి ఉన్నాయా? మానవ జన్మ దుర్లభం అంటాం, మనకంటే తెలివైన వాళ్ళుంటే ఆ మాట ఏమవుతుంది? వీటికి మన పండితులు ఆలోచించి జవాబు చెప్పాల్సి ఉంటుంది. చివరి దానికి నాకు తోచింది ఇది. మానవ జన్మను గొప్పదన్నది రెండు కాళ్ళు, రెండు చేతుల వల్ల కాదు, మంచి చెడ్డ తెలుసుకునే వివేకం వల్ల. ఆ వివేకం ఎక్కడున్నా అది గొప్ప జన్మే. ఇంకొకరికి దొరికినంత మాత్రాన మనది తక్కువైపోదు.

క్రైస్తవ వేదాంతులకు ఈ చిక్కు మనకంటే చాలా ముందే ఎదురైంది. దేవుడు ఒక్క లోకాన్ని తప్ప ఇంకోటి సృష్టించలేడని ఎవరూ బోధించకూడదని 1277లోనే పారిస్ బిషప్ ఆంక్ష పెట్టాడు. దేవుడి శక్తికి హద్దు గీయడమే తప్పని ఆయన ఉద్దేశం. మరోవైపు 1794లో థామస్ పెయిన్ అనే రచయిత, కోట్ల లోకాలుంటే దేవుడి కుమారుడు ఈ ఒక్క చోటే పుట్టి చనిపోయాడని నమ్మడం ఎలా అని నిలదీశాడు. మీ అబ్బాయి అడిగింది కూడా దాదాపు అదే. 2008లో కాథలిక్ చర్చి నడిపే వాటికన్ అబ్జర్వేటరీకి అధిపతిగా ఉన్న ఫాదర్ ఫునెస్, వేరే లోకాల ప్రాణులు కూడా దేవుడి సృష్టే, వాళ్ళను సోదరులని ఎందుకు అనుకోకూడదు అన్నారు. ముస్లింలు నమాజులో రోజూ చదివే ఖురాను మొదటి సూరాలో (అధ్యాయంలో) దేవుడు 'సర్వలోకాల ప్రభువు'. ఖురానులోనే ఇంకోచోట ఆకాశాల్లోనూ భూమిలోనూ ఆయన ప్రాణులను వ్యాపింపజేశాడని ఉంది. 2008లో టెడ్ పీటర్స్ అనే అమెరికా వేదాంతి 1,300 మందికి పైగా మనుషులను వివిధ మతాల నుంచి, ఏ మతమూ లేనివాళ్ళ నుంచి అడిగి చూశాడు. భక్తుల్లో ఎక్కువమంది తమ నమ్మకానికి ఏమీ కాదన్నారు. భక్తుల నమ్మకం కుప్పకూలుతుందని ఎక్కువగా అనుకున్నది మతం లేనివాళ్ళే.

మనుషులు ఎంత సర్దుకోగలరో మీ జిల్లాలోనే చూడవచ్చు. గ్రహణం ఎందుకు పడుతుందో ఇవాళ బడి పిల్లలకూ తెలుసు. పంచాంగం వేసేవాళ్ళు పట్టు విడుపులు నిమిషాలతో సహా లెక్కకట్టి ఇస్తారు. అయినా 2025 సెప్టెంబరు 7న చంద్రగ్రహణం నాడు తిరుమలలో గుడి తలుపులు మూశారు. గ్రహణం వేళ శ్రీకాళహస్తిలో గుడి తెరిచే ఉంటుంది, అభిషేకాలు జరుగుతాయి. రెండు క్షేత్రాలకూ మధ్య పెద్ద దూరం లేదు. ఒకే నీడ, రెండు ఆచారాలు. రెండూ, అది నీడ అని తెలిసిన మనుషుల మధ్యే నడుస్తున్నాయి. 1969లో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టినప్పుడు నవగ్రహ పూజ ఆగిపోతుందని అనుకున్నవాళ్ళున్నారు, ఆగలేదు. రేపు అంగారకుడి మీద సూక్ష్మజీవి దొరికినా కుజదోషం చూసేవాళ్ళు చూస్తూనే ఉంటారు. (జాతకాల మీద నాకు నమ్మకం లేదు, అది వేరే ఉత్తరానికి తగిన సంగతి. భక్తిని, జాతకాన్ని ఒకే మూటలో కట్టకండని మాత్రం చెబుతాను.)

ఇంత చెప్పాక నా మనసులో ఉన్నది సూటిగా చెబుతాను. మన భక్తిలో రెండు రకాల నమ్మకాలు కలిసిపోయి ఉంటాయి. ఈ సృష్టి అంతా మన కోసమే, దేవుడికి మనకంటే ముఖ్యమైనవాళ్ళు లేరు అనేది ఒకటి. నేను కష్టంలో పిలిచాను, ఆయన ఆసరా ఇచ్చాడు అనేది రెండోది. వేరే లోకంలో జీవం దొరికితే మొదటిది దెబ్బతింటుంది. దెబ్బతిననివ్వండి. 1543లో కోపర్నికస్ భూమిని మధ్యలోంచి కదిలించినప్పుడే అది సగం పోయింది. అది భక్తి కాదమ్మా, మన గురించి మనకున్న మురిపెం. రెండో దాన్ని ఏ టెలిస్కోపూ తాకలేదు. పిల్లవాడికి జ్వరం వచ్చిన రాత్రి మీరు గోవిందా అనుకుని తెల్లవారేదాకా కూర్చోగలిగారంటే, ఆ బలం మీకు వచ్చింది ఇంకెక్కడా ఎవరూ లేరన్న లెక్క వల్ల కాదు. మన పక్కింట్లో వాళ్ళూ ఆయన్నే పిలుస్తారని తెలిస్తే మన పిలుపు తగ్గుతుందా? రోజూ వేలమంది క్యూలో నిలబడుతున్నారు, వాళ్ళందరి మధ్యా మీరు ఆయన్ని మీ స్వామి అనే అనుకుంటున్నారు కదా.

మీ అబ్బాయి విషయం. వాడు ఇవన్నీ విని కూడా 'నాకు నమ్మకం కుదరడం లేదు' అనవచ్చు. అందుకు కూడా మీరు సిద్ధపడాలి. నమ్మకం లేనంత మాత్రాన వాడు చెడిపోయినట్టు కాదు. వాడు నిజం మాట్లాడుతున్నాడా, అమ్మానాన్నలను, తిండి పెట్టిన వాళ్ళను గౌరవిస్తున్నాడా, ఎదుటివాడి బాధ చూసి ఆగుతున్నాడా, అది చూడండి. వాడికీ ఒక మాట చెప్పాల్సి ఉంది. 'మనుషులు తమ కోసం అల్లుకున్న కథ' అనేది శాస్త్రం చెప్పిన మాట కాదు, వాడి అభిప్రాయం. కే2-18బి గాలిని కొలిచే పరికరం దేవుడున్నాడని గానీ లేడని గానీ చెప్పదు. శాస్త్రం పేరుతో శాస్త్రం చెప్పనిది చెప్పకూడదని వాడి లెక్చరర్లే నేర్పుతారు. అలాగే నాన్న అన్నం తింటున్న వేళ ఆయన ప్రాణంలా చూసుకునేదాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయడం మంచి పద్ధతి కాదు. ప్రశ్నకు నా మద్దతు ఉంది. అన్న తీరుకు వాడు నాన్న దగ్గర ఒక మెట్టు దిగాలి. ఇది మీరు మెత్తగా చెప్పండి, మీరు చెబితేనే వింటాడు.

కొండకు రమ్మని బలవంతం చేయకండి. ఇష్టం లేనివాడిని ఈడ్చుకుపోతే మెట్టు మెట్టుకూ పంతం పెరుగుతుంది. పెరటాసి శనివారం మీరిద్దరూ వెళ్ళండి, వాడిని ఇంట్లో ఉండనివ్వండి, తిరిగొచ్చి ప్రసాదం చేతిలో పెట్టండి. తింటాడు.

మొక్కు గురించి. మొక్కుకున్నది మీరు, వాడు కాదు. ఇష్టం లేకుండా వాడి తల గొరిగించి తీర్చుకున్న మొక్కు మీకూ తృప్తినివ్వదు. ఆడవాళ్ళు మూడు కత్తెరలు ఇచ్చే అలవాటు కొండ మీద ఉన్నదే. సీటు ఇచ్చినందుకు మీ కృతజ్ఞత మీరే చెప్పుకుని మీ జుట్టులోంచి మూడు కత్తెరలు ఇచ్చి రండి. అది సరిపోతుందని నా నమ్మకం. మనసు ఇంకా పీకుతుంటే ఇంటి పురోహితుణ్ణి అడిగి, ఆయన చెప్పింది చేయండి. 'నీ వల్ల మొక్కు తప్పింది' అని మాత్రం వాడితో అనకండి.

మీ వారి కోపం నాకు అర్థమవుతోంది. కొడుకు దేవుణ్ణి కాదన్నాడని మాత్రమే ఆయన బాధ కాదు. తాను పట్టుకుని బతికినదాన్ని కొడుకు చేయి చాచి అందుకోవడం లేదన్నది అసలు బాధ. ఈ జవాబు ఆయనకు చదివి వినిపించండి. శ్రీకాళహస్తి కథ నాకంటే ఆయనే బాగా చెప్పగలరు, చిన్నప్పటి నుంచి ఆ గోపురం నీడలో తిరిగిన మనిషి. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, వాదన కోసం కాకుండా, తనకు ఆ కథలో ఏం నచ్చుతుందో చెప్పమనండి. బదులుగా కొడుకును ఆ గ్రహం సంగతి నాన్నకు అర్థమయ్యేలా చెప్పమనండి. ఇద్దరూ ఒకరికి తెలిసింది ఒకరికి చెప్పుకోవాలి, అది ముందు జరగాలి.

వీలైతే ముగ్గురూ కలిసి కావలూరు వెళ్ళి రండి. వెల్లూరు దాటాక జవ్వాది కొండల్లో ఉన్న వేణు బప్పు అబ్జర్వేటరీ అది. తమిళనాడు వైపు అయినా చిత్తూరు మీదుగా పోతే పెద్ద దూరం కాదు. 1977లో యురేనస్ చుట్టూ వలయాలున్నాయని కనిపెట్టిన రోజున, పరిశీలన చేసిన చోట్లలో అదొకటి. నక్షత్రాలను చూపిస్తే మీ వారికి దణ్ణం పెట్టాలనిపించవచ్చు, మీ అబ్బాయికి లెక్క కట్టాలనిపించవచ్చు, రెండూ జరగనివ్వండి. సందర్శకులను ఏ రోజుల్లో రానిస్తారో ముందే కనుక్కుని బయల్దేరండి. పెరటాసి దాటాక అటువైపు వానలు, మబ్బులు ఎక్కువ, ఏమీ కనిపించదు. సంక్రాంతి అయ్యాక పెట్టుకుంటే మంచిది, అప్పటికి వాడి సెమిస్టర్ పరీక్షలూ అయిపోయి ఉంటాయి.